తెల్ల దుమ్ము

మల్లక్క ఎవరింటికి పోయినా ముందు మనిషి మొహం చూడదు, తలుపు చట్రం చూస్తుంది. చూపుడువేలితో దాన్ని ఒక్కసారి రాసి, వేలికొస చూసుకున్నాకే "ఉన్నరా అక్కా" అని పిలుస్తుంది. వేలికి అంటింది నల్లగా ఉంటే ఓపెన్‌కాస్టు గని దిక్కునుంచి వచ్చిన బొగ్గు. ఎర్రగా ఉంటే కమాన్‌పూర్ చెలకల మన్ను. బూడిదరంగులో ఉండి వేళ్ల నడుమ ఉండీ లేనట్టు జారిపోతే ఎవరిదో పొయ్యి. గోదావరిఖనిలో దుమ్ము తెలియని మనిషి లేడు. కానీ దాన్ని నిలబెట్టి, ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఏ సందులోంచి వచ్చినవ్ అని అడిగేది ఆమె ఒక్కతే.

మనుషులను కూడా ఆమె అట్లా తరచి చూశాకే నమ్మేది. దానికో కారణం ఉంది.

మొగడు మొగిలి కాంట్రాక్టరు దగ్గర లారీలకు బొగ్గు ఎత్తేవాడు. ఒకనాడు లారీ మీది నుంచి పడి నడుము విరిగి మంచం పట్టాడు. అప్పటినుంచి ఇల్లు మల్లక్క చేతుల మీదనే నడిచింది. ఆఫీసర్ల కాలనీలో ఒక ఇంట్లో ఆరేళ్లు పనిచేసింది. తడిగుడ్డ పట్టడం, పైనుంచి కిందికి తుడుచుకుంటూ రావడం అక్కడే నేర్చింది. ఆరో ఏడు ఎండాకాలంలో ఆ ఇంటామె ఉంగరం పోయింది. పక్క క్వార్టర్లవాళ్లు గోడ మీదుగా చూస్తుంటే వాకిట్లో నిలబెట్టి మల్లక్క కొంగుముడి విప్పించారు. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం ఇంకా గట్టిపడింది. ఆ సాయంత్రమే పని పోయింది.

ఆరు నెలల తర్వాత ఆ ఉంగరం బీరువా కింద దుమ్ము ఉండలో దొరికిందని కూరగాయల మార్కెట్లో ఎవరో చెప్పుకుంటుంటే విన్నది. ఆ ఇంటినుంచి మాత్రం కబురు రాలేదు. దొంగ అన్నందుకు ఎంత బాధపడిందో, బీరువా కింద ఆరేళ్లపాటు తన చీపురు చేరని జాగా ఒకటి ఉండిందని తెలిసి అంతకన్నా ఎక్కువ బాధపడింది.

అప్పటినుంచి ఆమెకో అలవాటు. ఎక్కడ పని చేసినా సాయంత్రం బయలుదేరేముందు వాకిట్లో నిలబడి, నలుగురికీ కనబడేట్టు కొంగు విప్పి దులిపేది. ఎవరూ అడగకముందే.

లింగమూర్తి డాక్టరు మార్కెట్ వెనక గల్లీలో ఎక్స్‌రే మిషను పెట్టినప్పుడు, గదులు తుడిచేందుకు మనిషి కావాలంటే మల్లక్క పోయింది. 1987 ఎండాకాలానికి ఆమె అక్కడ చేరి మూడేళ్లు. మొదటి గదిలో డాక్టరు కూర్చుంటాడు. నడుమ గదిలో మిషను. వెనక డార్క్‌రూం. దానికి కిటికీ లేదు. గోడ కంతలో గాలిని బయటికి లాగే ఫ్యాను, లోపల ఒక్క ఎర్రబల్బు. అక్కడి పనంతా ఖాజాది. ఫొటో తీసేదీ, ఫిలిం కడిగేదీ, ఆరబెట్టేదీ అతనే.

చేరిన మొదటి రోజే ఖాజా ఆమెకు పలకంత ఇనుప డబ్బా ఒకటి తెరిచి చూపించాడు. "ఇది క్యాసెట్, మల్లక్కా. ఫిలిం దీని లోపల పెడ్త. దీంట్ల ఆవగింజంత దుమ్ము పడ్డా ఫిలిం మీద తెల్ల చుక్క వస్తది. డాక్టర్ సాబ్ దాన్ని రోగమనుకుంటడు. డబ్బా తుడుసుడు నా పని, నువ్వు ముట్టొద్దు. గది మాత్రం అద్దంలెక్క ఉండాలె."

"నువ్వు చెప్పులు బయట ఇడిస్తే ఉంటది, ఖాజా భాయ్," అన్నది మల్లక్క.

ఖాజా నవ్వాడు కానీ చెప్పులు విడవలేదు. ఆమె ఆ సంగతి మరిచిపోలేదు.

గాలిదుమారం వచ్చిపోయాక ఆమె పనితీరు చూడాలని డాక్టరు ఒక్కోసారి కుర్చీలోంచి లేచి వచ్చేవాడు. గాలి ఆగిందని వెంటనే చీపురు ముట్టేది కాదు. గంటసేపు ఎవరినీ తలుపు తియ్యనిచ్చేది కాదు. "లేసింది కూసోవాలె గద సారూ. ఇప్పుడే ఊడిస్తే మల్ల లేస్తది, రాత్రికి మల్ల కూసుంటది," అనేది. ఆ తర్వాత ఫ్యాను రెక్కలకు తడి దిండుగలేబు తొడిగి, దుమ్ము కింద రాలకుండా లోపలికే లాగేది. అక్కడినుంచి తలుపు చట్రాలు, అలమరలు, బల్లలు, కుర్చీ కాళ్లు. చివరికి తడిపిన కట్టెపొట్టు నేలంతా చల్లి అప్పుడు ఊడ్చేది. కట్టెపొట్టు దుమ్మును పట్టుకుని గంపలోకి వచ్చేది. తర్వాత రెండు బకెట్లతో తడిగుడ్డ. గుడ్డ పిండిన నీళ్లు తేటగా వచ్చేదాకా గది వదిలేది కాదు.

ఆ ఏడు మే మొదట్లోనే ఆకాశం మసకబారడం చూసి మల్లక్క డార్క్‌రూం తలుపు కింది సందు గురించి ఆలోచించింది. వేలు పట్టేంత సందు. లోపలి ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటే ఆ సందులోంచే దుమ్ము లోపలికి వస్తుంది. మందంగా తడి సంచి మడిచి అడ్డం పెడితే?

ఆమె అన్న గట్టయ్య బొగ్గు కంపెనీలో బాయి పని, అంటే గని లోపలి పని, చేస్తాడు. బాయిలో బొగ్గు దుమ్ము పరుచుకుని ఉంటే చిన్న నిప్పురవ్వకు మంట సొరంగమంతా పరుగెడుతుంది. అట్లా కాకుండా ఆ దుమ్ము మీద సున్నపురాయి మెత్తటి పొడి చల్లుతారు. గట్టయ్యది ఆ చల్లే పని. డ్యూటీ దిగినప్పుడు అందరూ నల్లగా వస్తే అతను పిండిగిర్నీ మనిషిలా తెల్లగా వచ్చేవాడు. అతని దగ్గర ఖాళీ సంచులుంటాయి.

"తీస్కపో చెల్లే. ఉత్త సంచులే," అన్నాడు గట్టయ్య, రెండు సంచులు తెచ్చి ఇంటి ముందర పడేస్తూ.

"కంపెనీయి కాదు గదనే? మల్ల నా కొంగు ఇప్పదీస్తరు."

"పారేసినయే. స్టోర్ల అడిగే తెచ్చిన. ఓ మల్లీ, నీకు సొంత అన్న మీద నమ్మకం ఎన్నడొస్తదే?"

"నువ్వు నా పెండ్లికి పెడ్తనన్న వెండి పట్టగొలుసులు తెచ్చిన్నాడు."

గట్టయ్య తన భార్యవైపు చూసి తల కొట్టుకున్నాడు.

మల్లక్క ఆ సంచులను నల్లా దగ్గర రాతికేసి కొట్టి మూడుసార్లు ఉతికింది. మూడోసారి నీళ్లు తేటగానే వచ్చాయి. ఒకదాన్ని నాలుగు మడతలు వేసి డార్క్‌రూం తలుపు కింద పరిచింది. రెండోదాన్ని ఫ్యాను ఆగినప్పుడు కంతకు కట్టేందుకు మేకుకు తగిలించింది. మర్నాడు మధ్యాహ్నమే దుమారం వచ్చింది. బస్టాండు రేకులు లేచాయి, మార్కెట్‌లో గొడుగుగుడ్డలు ఎగిరాయి, పావుగంటసేపు ఎదుటి దుకాణం కనబడలేదు. గాలి నిలిచాక గంట ఆగి మల్లక్క గదులన్నీ చూసింది. మిషను గదిలో నేలంతా ఎర్ర మన్ను. డార్క్‌రూంలో చట్రం మీద వేలు పెడితే వేలు వేలులాగే ఉంది. ఆమె ఆ వేలు ఖాజాకు చూపించింది. అతను ఒప్పుకున్నట్టు తల ఊపాడు. రంజాన్ నెల మొదలై అప్పటికి వారం. ఎండకు, ఉపవాసానికి అతని పెదవులు పగిలి ఉన్నాయి.

నాలుగు రోజులకు ఎల్లన్న వచ్చాడు. కమాన్‌పూర్ మనిషి, బాయిలో పని. కంపెనీవాళ్ల మెడికల్ పరీక్ష నెలరోజుల్లో ఉంది. దానికి ముందే తన ఛాతీలో ఏముందో తానే చూసుకోవాలని సొంతంగా వచ్చాడు.

"ఆళ్లు చెప్పేదంత నిజమని ఏం రాసిపెట్టున్నది?" అన్నాడు మల్లక్కతో, చొక్కా విప్పుతూ. "ముందుగాల నేను ఎరుక జేసుకుంటె, అప్పుడు ఆళ్లు ఏం చెప్తరో చూస్త."

ఫిలిం కడిగి, ఆరబెట్టి, వెలుగుపెట్టె మీద తగిలించాక లింగమూర్తి చాలాసేపు చూశాడు. నల్లటి ఊపిరితిత్తుల మీద తెల్ల చుక్కలు. పది పన్నెండు ఉంటాయి. ఎల్లన్నకు చుక్కలంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. బాయిలో పనిచేసేవాడు దగ్గు మొదలైననాటినుంచి, బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్న మాట కోసమే ఎదురుచూస్తుంటాడు.

"వరంగల్ పోయి పెద్ద డాక్టర్‌కు చూపియ్యి," అన్నాడు లింగమూర్తి.

ఎల్లన్న చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. "నా కొడుకు నాలుగో తరగతి సారూ. ఇప్పుడే అన్‌ఫిట్ అంటె, వయసు లేదని వానికి నా నౌకరి కూడ రాదు," అన్నాడు. ఎవరి జవాబు కోసమూ ఆగకుండా వెళ్లిపోయాడు.

రెండు రోజుల్లో ఇంకో ఇద్దరి ఫిలిములు వచ్చాయి. ఒకటి కిరాణాకొట్టు సమ్మవ్వది, ఒకటి బసంత్‌నగర్ లారీ డ్రైవర్‌ది. లింగమూర్తి మూడింటినీ పక్కపక్కన తగిలించి ఖాజాను, మల్లక్కను పిలిచాడు.

"చూడున్రి. మూడిట్ల చుక్కలు ఒక్కతాన్నే ఉన్నయి. బాయి మనిషికి, కొట్లె కూసునే ముసలామెకు, డ్రైవర్‌కు ఒక్క తీరుగ రోగమొస్తదా? ఇది ఊపిరితిత్తుల్లది కాదు, డబ్బాలది. ఆ ఎల్లన్నకు నేను ఉత్తపున్నానికి పానం తీసినట్టయింది."

ఖాజా డబ్బాలన్నీ అప్పటికప్పుడు దూది పెట్టి తుడిచాడు. మర్నాటి ఫిలింలో పాత చుక్కలు పోయి, వేరే జాగాల్లో కొత్తవి వచ్చాయి.

లింగమూర్తి గొంతు పెంచే మనిషి కాదు. "ఎవలు దుడుస్తలేరో నాకు తెల్వది. శుక్రవారం దాక చూస్త. మల్ల గిట్లనే వస్తె ఇద్దర్ల ఒక్కలే ఉంటరు," అన్నాడు.

ఆ ఒక్కరు ఎవరో మల్లక్కకు అప్పుడే అర్థమయింది. ఫిలిం కడిగే మనిషి కావాలంటే కరీంనగర్‌దాకా వెతకాలి. తుడిచే మనిషి కావాలంటే గల్లీలో నిలబడి కేకేస్తే చాలు. పని పోవడం ఒకటి. మల్లక్కను రెండోసారి కూడా తీసేశారట అన్నాక ఈ ఊళ్లో ఇంకెవరు గడప తొక్కనిస్తారు? మొగిలి మందులు ఎక్కడినుంచి వస్తాయి?

తన పనిలో తప్పులేదు. వేలు పెట్టి చూసింది, తెల్లకాగితం పెట్టి రుద్దింది, నలుపూ లేదు, ఎరుపూ లేదు. మరి తప్పు ఉన్నది ఎవరిలో? ఖాజాలో. రంజాన్‌కు ముందు డార్క్‌రూంలోంచి బీడీ వాసన వచ్చేది. తలుపు మూసి ఎర్రబల్బు వేసుకుంటే ఎవరూ లోపలికి రారు. ఇప్పుడు ఉపవాసం ఉన్నానంటున్నాడు. అననీ. లోపల ఏం చేస్తున్నాడో ఎవరు చూశారు? బీడీ బూడిద తెల్లగా ఉంటుంది, తేలికగా ఎగురుతుంది.

ఆ మాట ఇంట్లో మొగిలితో అన్నది.

"రోజా ఉన్నోని మీద గట్లంటె పాపం తాకుతది," అన్నాడు మొగిలి మంచంలోంచి. "రేపు నా మీద కూడ నిఘా పెడ్తవ్ నువ్వు."

"నువ్వు మంచం దిగుతె పెడ్త," అన్నది మల్లక్క.

బుధవారం పొద్దున్నే ఆమె పాడైపోయిన ఫిలిం ఒకటి చెత్తబుట్టలోంచి తీసింది. వెలుతురు తగిలి మొత్తం నల్లబడిపోయినది. తెల్లకాగితం మీద కనబడని బూడిద దీనిమీద దాగదు. దాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఖాజా రాకముందే డార్క్‌రూంలో బల్ల కింది అరలో పరిచి వచ్చింది. పగలంతా తన పని చేసుకుంటూ ఆ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కపెట్టింది. పదకొండుసార్లు. మూడు దాటాక ఖాజా మిషను గదిలో ఎవరిదో చెయ్యి ఫొటోకు తిప్పి పెడుతున్నప్పుడు లోపలికి పోయి ఫిలిం బయటికి తెచ్చింది.

వెలుతురులోకి తెచ్చేసరికి, నల్లటి ఫిలిం మీద సన్నటి తెల్లపొడి. ముగ్గుపిండి జల్లినట్టు.

ఆమె గుండె ఒక్కసారి కుదుటపడింది. తిన్నగా డాక్టరు ముందుకు పోయి బల్ల మీద పెట్టింది.

"చూడు సారూ. పొద్దున తుడిసి పెట్టిన. గిది బీడీ బూడిద. లోపట తాగుతుండు."

లింగమూర్తి ఫిలింనూ ఆమెనూ చూసి, ఖాజాను పిలిచాడు. ఖాజా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి విన్నాక గోడకు చెయ్యి ఆనించాడు.

"పదహారు రోజులాయె సారూ, పగటిపూట నా నోట్లె నీళ్లు పడలే. మల్లక్క నాకు బీడీ పెట్టింది," అన్నాడు. తర్వాత ఆమెవైపు తిరిగాడు. "క్యా మల్లక్కా? నీ కొంగు ఎవలో ఇప్పిన్రని యాడాదికి పదిసార్లు చెప్తవ్. ఇయ్యాల నా నోరు ఇప్పి చూస్తవా?"

లింగమూర్తి ఫిలిం పైకెత్తి వాసన చూశాడు. "పొగాకు వాసన లేదు," అన్నాడు. కానీ ఇంకా నమ్మినట్టు లేదు. "ఖాజా, నిజం చెప్పు. ఇది యాడికెల్లి వచ్చింది?"

మల్లక్క తన అలవాటు ప్రకారం ఫిలిం మీద వేలు రాసింది. బొటనవేలితో కలిపి నలిపింది. బూడిద అయితే నలిపితే మాయం కావాలి. ఇది కాలేదు. మెత్తగా, జారుడుగా వేలిగీతల్లో తెల్లగా నిలిచింది. ఈ పొడి ఆమె వేళ్లకు తెలుసు. అన్న కొత్తగా ఆ పనిలో చేరినప్పుడు, వదిన పుట్టింట్లో ఉన్న మూడు నెలలు అతని ఖాకీ చొక్కాలు ఉతికింది తనే. ఎన్నిసార్లు ఉతికినా జేబుల మూలల్లోంచి ఇదే వచ్చేది.

ఆమె వెనక్కి తిరిగి డార్క్‌రూం తలుపు చూసింది. ఖాజా దాన్ని తెరిచే వదిలేసి వచ్చాడు. గడప దగ్గర సంచి మడత ఎండిపోయి చెక్కలా ఉంది. పొద్దున తడిపింది, మే ఎండకు గంటలో ఆరిపోయి ఉంటుంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. చూస్తుండగానే తలుపు గాలికి కదిలి సంచికి తగిలింది. వాకిట్లోంచి పడుతున్న వెలుతురులో సన్నటి తెల్లని పొగలాంటిది లేచి, లోపలికి పోయింది.

ఎర్రబల్బు కింద అది ఎవరికీ కనబడదు. తెల్లసున్నం వేసిన గోడల మధ్య, తెల్ల సన్‌మైకా బల్ల మీద, తెల్లకాగితంతో ఆమె ఇన్నాళ్లూ వెతికింది నల్లదాన్నీ ఎర్రదాన్నీ.

డాక్టరుకు తలుపు కనబడదు. ఖాజా నేలవైపు చూస్తున్నాడు. సాయంత్రం ఆ సంచి చంకలో పెట్టుకుని ఇంటికి పోతే, రేపటినుంచి చుక్కలు రావు. ఖాజా బీడీ మానేశాడనుకుంటారు. ఆమె పని ఉంటుంది.

"చెప్పు ఖాజా," అన్నాడు లింగమూర్తి మళ్లీ.

ఆఫీసర్ల కాలనీ వాకిట్లో తను ఏమీ చెప్పలేక నిలబడ్డట్టే ఖాజా నిలబడి ఉన్నాడు. మల్లక్క పోయి సంచి తెచ్చి, ఫిలిం మీద ఒక్కసారి దులిపింది. నల్ల ఫిలిం సగం తెల్లబడింది.

"బీడీ కాదు సారూ. గిది నేను తెచ్చిందే," అన్నది. "బాయిల చల్లే పొడి సంచి. మూడుసార్లు ఉతికిన. అయినా అండ్లనే ఉన్నది."

ఖాజా బయటికి పోయి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎల్లన్నను పిలిపియ్యి," అన్నాడు లింగమూర్తి మల్లక్కతో. "పైసలు లేకుంట మల్ల తీద్దం. నీ సంగతి ఆ ఫిలిం ఆరినంక చూద్దం."

మరునాడంతా మల్లక్క డార్క్‌రూం తుడిచింది. మూడుసార్లు, ప్రతిసారీ గంట ఆగి. రెండు సంచులూ పారేసి, తలుపు కింది సంచి జాగాలో పాత సైకిల్ ట్యూబు చీల్చి తలుపు అడుగున మేకులతో కొట్టింది. దానికి ఉతకడం, ఆరడం ఉండదు. ఖాజా క్యాసెట్లను మిషను గదిలోకి తెచ్చుకుని, ఆమెకు వీపు పెట్టి కూర్చుని తుడుచుకున్నాడు.

ఎల్లన్న శుక్రవారం వచ్చాడు. మొహం పీక్కుపోయింది. ఫిలిం ఆరేదాకా మల్లక్క గోడ పక్కన నిలబడే ఉంది. లింగమూర్తి దాన్ని వెలుగుపెట్టె మీద తగిలించాడు. ఒక్క చుక్క లేదు.

"నీకేం లేదు. పాత ఫిలిం మీద దుమ్ము పడ్డది," అన్నాడు.

ఎల్లన్న ఫిలిం దగ్గరికి పోయి చూశాడు, దూరం జరిగి చూశాడు. "మొన్న చుక్కలున్నయి. ఇయ్యాల లేవు. నడుమ నేను మందు గోలి కూడ మింగలే. ఇది నాదేనా సారూ? ఎవలిదన్న మార్చిన్రా?"

"ఈ మెడబొక్క చూడు, వంకర అతుక్కున్నది. ఎవలిది?"

ఎల్లన్న చొక్కాలోకి చెయ్యి పెట్టి తన భుజం దగ్గరి ఎముక తడుముకున్నాడు. అయిదేళ్ల కింద బాయి కప్పు పెళ్ల విరిగి పడ్డప్పటిది. "బొక్క నాదే," అని ఒప్పుకున్నాడు. కాసేపు ఆలోచించి, "ఊపిరితిత్తులు నాయేనా?" అన్నాడు.

లింగమూర్తి నవ్వాడు. ఎల్లన్న మాత్రం నవ్వలేదు. రెండు ఫిలిములూ కవర్లో పెట్టుకుని, వరంగల్ డాక్టరుకు కూడా చూపిస్తానని చెప్పి పోయాడు.

మల్లక్కను డాక్టరు ఉండమనలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె సాయంత్రం వాకిట్లో నిలబడి ఎప్పటిలాగే కొంగు విప్పబోయి, మెట్టు మీద ఖాజా ఉండటం చూసి ఆగిపోయింది. అతను మొహం తిప్పుకున్నాడు. ఆమె దులపకుండానే ఇంటికి పోయింది. శనివారం పొద్దున వస్తే తాళంచెవి ఎప్పటి జాగాలోనే ఉంది.

ఆరోజునుంచి డార్క్‌రూం బల్ల మీద, రోజూ పని ముగిశాక, ఒక తెల్లకాగితం, దాని పక్కన ఒక నల్ల ఫిలిం పరిచి పోయేది. పొద్దున ఆ రెండూ చూశాకే క్యాసెట్లు తెరవాలి. డాక్టరు అడిగితే, "నల్లదానికి తెల్లది, తెల్లదానికి నల్లది సారూ. ఒక్కటే పెడితే సగమే దొరుకుతది," అన్నది. లింగమూర్తి దాన్ని అట్లాగే సాగనిచ్చాడు.

ఖాజా ఆమెతో మాట్లాడలేదు. పండుగ వచ్చింది, పోయింది. కానీ పొద్దున ఆమెకంటే ముందే వచ్చి ఆ రెండింటి మీదికి వంగి చూసేవాడు. ఆమె కూడా అతను చూసినదాన్ని నమ్మకుండా మళ్లీ చూసేది.

పండుగ అయిన నాలుగో రోజు ఇద్దరూ ఒకేసారి లోపలికి వచ్చారు. తెల్లకాగితం శుభ్రంగా ఉంది. ఫిలిం మూలన తెల్లటి నలుసు ఒకటి కనబడింది. మల్లక్క దాని మీద వేలు పెట్టి, నలిపి, వెలుతురుకు పట్టింది. ఖాజా క్యాసెట్లు తుడిచే దూది పోగు.

"క్యా మల్లక్కా," అన్నాడు ఖాజా. రెండు వారాలు దాటాక అతను ఆమెతో అన్న మొదటి మాట. "బీడీ బూడిదేనా?"

మల్లక్క బకెట్ దగ్గరికి పోయి తడిగుడ్డ ఇంకోసారి పిండుకుని వచ్చింది.